తోలుకు తాళపత్రం లేదు

వానలు మొదలయ్యాయంటే కాశీబుగ్గలో తోపుడు బండ్ల మీద ఒక రకం చెప్పులు గుట్టలుగా పోస్తారు. ముందు మూసి ఉంటాయి, పైన గుండ్రటి బొక్కలు, వెనక ఒక పట్టీ. బురదలో దిగినా, ఉప్పునీళ్లలో దిగినా ఏమీ కాదు. రెండు దులుపులు దులిపితే ఆరిపోతాయి. మన పిల్లలు వాటిని క్రాక్స్ అంటారు. అవి క్రాక్స్ కావు, క్రాక్స్‌లా ఉండేవి. అసలు క్రాక్స్ జత కొనాలంటే పలాస జీడి ఫ్యాక్టరీలో పనిచేసే ఆడమనిషికి వారం కూలి చాలకపోవచ్చు.

ఈ బొక్కల చెప్పు ఎవరిది అన్న తగువు మన దేశంలోనే ఏళ్ల తరబడి కోర్టుల్లో నడిచింది. ఈ వారం దాని గురించి రాస్తున్నాను. చెప్పుల కంపెనీల గొడవ మనకెందుకు అనుకునేవాళ్లు కాస్త ఓపిక పట్టండి. తగువు వాళ్లదే గాని, అందులో బయటపడ్డ సూత్రం మనది.

క్రాక్స్ 2002లో అమెరికాలోని కొలరాడోలో మొదలైన కంపెనీ. పడవల మీద తిరిగేవాళ్లకు తడిసినా పాడుకాని చెప్పు అని అమ్మకం మొదలుపెట్టింది. ఫ్లోరిడాలో ఫోర్ట్ లాడర్‌డేల్ అనే ఊళ్లో జరిగే పడవల ప్రదర్శనలో మొదటి మోడల్ పెట్టింది. నురుగులాంటి ప్లాస్టిక్ అది. లోపల గాలి బుడగలు మూసుకుపోయి ఉంటాయి కాబట్టి నీటిని పీల్చదు. మన దేశంలో 197685 నంబరుతో 2004లో డిజైన్ రిజిస్టర్ చేయించుకుంది. తర్వాత బాటా, లిబర్టీ, రిలాక్సో, యాక్షన్, ఆక్వాలైట్ వంటి కంపెనీలు దాన్ని కాపీ కొట్టాయని ఢిల్లీ హైకోర్టుకు వెళ్లింది.

పేటెంటు వేరు, డిజైన్ వేరు. వస్తువు పనిచేసే తీరుకు ఇచ్చేది పేటెంటు, ఇరవై ఏళ్లుంటుంది. వస్తువు కంటికి కనబడే తీరుకు ఇచ్చేది డిజైన్ రిజిస్ట్రేషన్, పదేళ్లు, ఆపైన మరో ఐదేళ్లు. రెండింటికీ మొదటి షరతు మాత్రం ఒకటే: అది కొత్తదై ఉండాలి. నువ్వు దరఖాస్తు పెట్టేనాటికి లోకంలో ఎక్కడా అది బయటపడి ఉండకూడదు.

క్రాక్స్ అక్కడే దొరికిపోయింది. 2018 ఫిబ్రవరి 8న జస్టిస్ వాల్మీకి మెహతా వాళ్లడిగిన తాత్కాలిక నిషేధం ఇవ్వనన్నారు. కెనడాలో హోలీ సోల్స్ అనే కంపెనీ వెబ్‌సైటులో ఇలాంటి చెప్పు అంతకుముందే ఉంది. చెప్పులు వేల ఏళ్లుగా మనుషుల కాళ్లకు ఉన్నవే, బొక్కలు పెట్టడం, పట్టీలు మార్చడం వ్యాపారంలో మామూలుగా చేసే మార్పులు అన్నది కూడా ఆయన తీర్పులోని ధోరణి. 2019 జనవరిలో డివిజన్ బెంచి అదే ఖాయం చేసింది. 2018 మార్చిలో యూరప్ జనరల్ కోర్టు ఇంకో తమాషా తీర్పు ఇచ్చింది. మీరే పడవల ప్రదర్శనలో పెట్టి, మీ వెబ్‌సైటులో చూపించి, ఏడాది దాటాక దరఖాస్తు చేశారు, కాబట్టి మీ డిజైన్ కొత్తది కాదు పొమ్మంది. అమెరికాలో మాత్రం 2010లో ఫెడరల్ అప్పీళ్ల కోర్టు ఆ కంపెనీ వైపే నిలబడింది. ఇక్కడా కథ పూర్తి కాలేదు. డిజైన్ పోయినా, మా సరుకు రూపాన్ని వాడుకుని జనాన్ని మోసం చేస్తున్నారన్న దావా నడుస్తుందని 2025 జులైలో ఢిల్లీ డివిజన్ బెంచి చెప్పింది. నవంబరులో సుప్రీంకోర్టు అందులో వేలు పెట్టలేదు.

ఈ తీర్పుల్లో నాకు కావలసింది ఒక్కటే. అంత పెద్ద కంపెనీని ఓడించింది మరో కంపెనీ బలం కాదు. తేదీ ఉన్న ఒక బొమ్మ. ఫలానా రోజుకే ఈ చెప్పు లోకంలో ఉంది అని చెప్పగలిగిన ఒక పేజీ.

ఈ సంగతి క్లాసులో చెప్పాను. తెలుగు పాఠంలో క్రాక్స్ ఎందుకొచ్చాయంటే, సిలబస్ ఎప్పుడూ నా చేతిలో కాస్త వదులుగానే ఉంటుంది. ఉద్దానం నుంచి వచ్చే ఒక కుర్రాడు లేచి అడిగాడు: "మేస్టారూ, మా తాత లారీ టైరు కోసి సెప్పులు కుట్టీవోడు. ఉప్పునీటిలో దిగినా ఏటీ అయ్యీది కాదు. ఆడి దగ్గిర కాయితమేటీ నేదు. మరి ఆడిది ముందా, కంపినీది ముందా?"

టైరు చెప్పు తెలియనివాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో ఉండరనుకుంటాను. అరిగిపోయిన లారీ టైరు అడుగు, ట్యూబు ముక్క వారు, నాలుగు మేకులు. చెమట పట్టదు, నాని ఉబ్బదు, జీడితోటలో ముల్లు దిగదు, టెక్కలి క్వారీలో గ్రానైటు ముక్క గుచ్చుకోదు. తోలు కొనే స్తోమత లేని కూలీ కాలికి, పారేసిన టైరుకు మధ్య సంబంధం కలిపింది చెప్పులు కుట్టేవాడు. ఏ ల్యాబు కలపలేదు. పేటెంటు భాషలో చెప్పాలంటే అది పూర్తిగా వాటర్‌ప్రూఫ్. ఎవరూ ఎక్కడా దరఖాస్తు పెట్టలేదు.

ఇటలీలో జియాక్స్ అనే కంపెనీ ఉంది. నీరు లోపలికి రాకుండా, చెమట ఆవిరి బయటికి పోయేలా పొర పెట్టిన రబ్బరు అడుగు వాళ్ల పేటెంటు. కంపెనీ వాళ్లు చెప్పుకునే కథ ఏమిటంటే, యజమాని అమెరికాలో ఎండలో పరిగెత్తుతూ, అరికాళ్లు మండిపోతుంటే చాకు తీసి బూటు అడుగుకు రెండు బొక్కలు పొడిచాడట. అక్కడ పుట్టిందట ఆలోచన. అదే మన ఊళ్లో ఏ గుంటడైనా కొత్త చెప్పుకు బొక్కలు పొడిస్తే అమ్మ వీపు విమానం మోత మోగించేది. (పొర పెట్టడం అసలు కష్టమైన పని, అది వాళ్లే చేశారు, కాదనను. నేనంటున్నది కథ గురించి. ఎవరి చాకు కథ అవుతుంది, ఎవరి ఆరె కథ కాకుండా పోతుంది అని.)

ఆ కుర్రాడి ప్రశ్నకు చట్టంలో జవాబుంది. 1970 పేటెంట్ల చట్టం 25వ సెక్షన్ ప్రకారం, ఎవరైనా పేటెంటు అడిగితే అది మంజూరు కాకముందే ఏ మనిషైనా అభ్యంతరం చెప్పవచ్చు. అభ్యంతరానికి ఒప్పుకునే కారణాల్లో ఒకటి: ఆ విషయం ఏదైనా స్థానిక సమాజంలో నోటిమాటగానైనా సరే ముందే తెలిసి ఉండటం. నోటిమాట అని చట్టంలోనే ఉంది. సంప్రదాయ జ్ఞానం మీద పేటెంటు ఇవ్వకూడదని మూడో సెక్షన్‌లోనూ ఉంది. కాబట్టి తాతదే ముందు.

కానీ నోటిమాటను ఆఫీసులో బల్ల మీద ఎలా పెడతాం? తాత పోయాడు. ఆయన ఏ సంవత్సరంలో కుట్టాడో, ఎలా కోశాడో, ఏ మేకు ఎక్కడ దిగిందో చెప్పేదెవరు?

పసుపు కథ మీకు తెలుసు. గాయాలు మాన్పడానికి పసుపు వాడకం మీద 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చేశారు. మన సీఎస్ఐఆర్ పోరాడి 1997లో రద్దు చేయించింది. రద్దు చేయించింది దేనితో? పాత సంస్కృత గ్రంథాలతో, 1953 నాటి ఒక వైద్య పత్రికలోని వ్యాసంతో. ఆ అనుభవంతోనే 2001లో సంప్రదాయ జ్ఞాన డిజిటల్ లైబ్రరీ పెట్టారు. టీకేడీఎల్ అంటారు. ఆయుర్వేదం, సిద్ధ, యునాని, యోగా గ్రంథాల్లోని విషయాలను పేటెంటు ఆఫీసర్లకు అర్థమయ్యే భాషల్లోకి తెచ్చారు. మంచి పని. దాని వల్ల ఎన్నో తప్పుడు పేటెంట్లు ఆగాయి.

అయితే ఆ లైబ్రరీ పునాది చూడండి. గ్రంథం. ఎవరో ఎప్పుడో రాసిపెట్టినది. పసుపు తరఫున సాక్ష్యం చెప్పడానికి శ్లోకం వచ్చింది. తోలు తరఫున ఎవరొస్తారు? తోలును ముట్టుకున్నవాడిని అక్షరం ముట్టుకోనివ్వలేదు. అక్షరం ముట్టుకున్నవాడు తోలును ముట్టుకోలేదు. ఈ దేశంలో జ్ఞానం రెండు కుప్పలైంది, తేదీలున్న కుప్ప, తేదీల్లేని కుప్ప. ఆ రెండో కుప్పను తరతరాలుగా అంటరానితనం అన్న పేరుతోనే పిలిచారు.

ఆ కుప్పలో ఏముందో కొంచెం చూద్దాం. చచ్చిన పశువు తోలు ఒకటి రెండు రోజులాగితే కుళ్లిపోతుంది. ఉప్పు రాయాలి. నీళ్లలో నానబెట్టాలి. సున్నం గుంటలో వేస్తే వెంట్రుక వదులుతుంది. ఎన్ని రోజులు వేయాలన్నది ఎండను బట్టి, తోలు వయసును బట్టి, అది ఎద్దుదా దున్నదా అన్నదాన్ని బట్టి. ఒకరోజు ఎక్కువైతే తోలు పొర చెడుతుంది, ఒకరోజు తక్కువైతే వెంట్రుక రాదు. తర్వాత గీకడం, కడగడం. ఆపైన లంద. తంగేడు చెక్క, కరక్కాయ కలిపిన నీళ్లు. కొన్ని చోట్ల తోలును సంచిలా కుట్టి, లోపల చెక్క నీళ్లు నింపి, కొయ్యకు వేలాడదీసేవాళ్లు. బొట్టు బొట్టుగా కారేకొద్దీ ఆ రసం తోలంతా పట్టేది. చివర్లో నూనె. రసాయన శాస్త్రం ఇప్పుడు చెప్పేదేమిటంటే, చెక్కలోని టానిన్లు తోలులోని కొల్లాజెన్ పోగులను పట్టుకుని బిగిస్తాయి, అందుకే నీళ్లు తగిలినా తోలు కుళ్లదు. టానిన్ అన్న మాట లందలో లేదు. టానిన్ మాత్రం ఉంది.

తోలుతో నీటిని ఆపడం అంటే చెప్పు ఒక్కటే కాదు. మన ఉద్దానం ఇసుకలో ఏతాలెక్కువ గాని, రాయలసీమలో, తెలంగాణలో మోటబావుల కాలమంతా పొలాలు తడిసింది తోలు బానతోనే. ఎద్దులు లాగితే బాన పైకొచ్చేది, తోలు తొండం గుండా నీళ్లు కాలవలో పడేవి. రోజుకు ఎన్నో గంటలు నీళ్లలో మునిగి తేలే తోలు, కారకుండా, చిరగకుండా. వాటర్‌ప్రూఫ్ అన్న మాటకు దీనికంటే పెద్ద పరీక్ష ఏ ల్యాబులో పెడతారు? అది కుట్టినవాడికి దక్కింది కళ్లంలో మేర గింజలు. కుట్టిన చెప్పులు తొడుక్కుని పెద్ద వీధిలోకి వెళ్తే తన్నులు. చెప్పులు చేసేవాడు చెప్పులు చేతిలో పట్టుకుని నడిచిన దేశం ఇది. జాషువా 1941లో గబ్బిలం రాస్తూ చెప్పులు కుట్టే మనిషిని నాయకుణ్ణి చేసి, దేశమే వాడికి బాకీ పడిందని తేల్చాడు. ఆ బాకీలో ఈ ఖాతా కూడా ఉంది.

ఇక్కడ నాకు నచ్చని ఒక అలవాటు గురించి చెప్పాలి. మనవాళ్ల సభల్లో, మాదిగలు అట్టడుగు శాస్త్రవేత్తలు అన్న మాట తరచూ వినిపిస్తుంది. కంచ ఐలయ్య పోస్ట్-హిందూ ఇండియాలో ఆ వాదనను గట్టిగా నిలబెట్టారు, ఆ పుస్తకం రుణం నాకూ ఉంది. కానీ చప్పట్లు కొట్టి ఇంటికెళ్లిపోతే శాస్త్రం మిగలదు, బిరుదు మిగులుతుంది. శాస్త్రవేత్త అంటే కొలత, పద్ధతి, ఫలితం రాసుకున్న నోటుబుక్కు ఉండాలి. మన పెద్దలకు నోటుబుక్కు లేకుండా చేశారు, నిజమే. మరి డిగ్రీలు చేతికొచ్చిన మనం ఎందుకు రాయడం లేదు?

తోలు ల్యాబులోకి వెళ్తే ఏమవుతుందో కూడా చూశాం. 1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధనా సంస్థ వచ్చింది. దాన్ని ప్రపంచ స్థాయికి తీసుకెళ్లిన యలవర్తి నాయుడమ్మ తెనాలి దగ్గర యలవర్రు మనిషి. గొప్ప శాస్త్రవేత్త, పద్మశ్రీ ఇచ్చారు, ఇవ్వాల్సిందే. అదే తోలు ల్యాబులో శాస్త్రం, లందలో అంటు. తప్పు నాయుడమ్మది కాదు. ఆ రెండింటి మధ్య నడిచిన గీతది.

జైపూర్ కాలు కథలో ఇంకో రకం గీత. పొలంలో, నీళ్లలో, బురదలో చెప్పుల్లేకుండా నడవడానికి పనికొచ్చే రబ్బరు పాదం అది. కాళ్లు పోయిన ఎంతోమంది పేదలను నిలబెట్టింది. దాన్ని తయారుచేసింది రామచంద్ర శర్మ అనే చేతిపనివాడు, డాక్టర్ పి.కె. సేథీతో కలిసి. పేటెంటు తీసుకోలేదు, అందుకే చౌకగా జనానికి చేరింది. 1981లో మెగసెసే అవార్డు డాక్టరుగారికి వచ్చింది. చేతిపనివాడు మాస్టర్జీగా మిగిలాడు. పేటెంటు లేకపోతే అందరికీ మేలే, కానీ పేరు మాత్రం మళ్లీ చదువుకున్నవాడి వైపే జారుతుంది.

ఇక నిన్నమొన్నటి సంగతి. 2025 జూన్‌లో మిలాన్ ఫ్యాషన్ షోలో ప్రాడా కంపెనీ మగవాళ్ల కాళ్లకు తొడిగిన చెప్పులు అచ్చంగా కొల్హాపురీలు. మొదట వాటిని తోలు చెప్పులు అని మాత్రమే చెప్పుకుంది. గొడవయ్యాక, భారతీయ చేతివృత్తి నుంచి ప్రేరణ పొందాం అంది. కొల్హాపురీకి 2019 నుంచి భౌగోళిక గుర్తింపు, జీఐ ఉంది. మహారాష్ట్రలో నాలుగు జిల్లాలు, కర్ణాటకలో నాలుగు జిల్లాల చెప్పు అది. మరి కేసు ఎందుకు నిలబడలేదు? జీఐ కాపాడేది పేరును. ప్రాడా పేరు వాడలేదు, రూపం వాడింది. పైగా కోర్టుకెళ్లింది లాయర్లు. జీఐ హక్కుదారులు రెండు రాష్ట్రాల తోలు కార్పొరేషన్లు, వాళ్లు రావాలి గాని మీరెవరు అని 2025 జులై 16న బొంబాయి హైకోర్టు పిటిషన్ కొట్టేసింది. డిసెంబరులో ఆ రెండు కార్పొరేషన్లతోనే ప్రాడా ఒప్పందం చేసుకుంది. రెండు వేల జతలు ఇక్కడ చేయించి, జత సుమారు 800 యూరోలకు అమ్ముతామంది.

ఇది గెలుపా ఓటమా అని నన్నడిగితే, సగం గెలుపు అంటాను. జీఐ కాగితం లేకపోయి ఉంటే ప్రాడా ఎవరితో ఒప్పందం చేసుకునేది? ఎవరితోనూ అక్కర్లేదు. కాగితం ఉంది కాబట్టి అవతల కూర్చోవడానికి ఒక కుర్చీ ఉంది. అయితే ఆ కుర్చీలో కూర్చున్నది కార్పొరేషన్, కుట్టే మనిషి కాదు. 800 యూరోల్లో కుట్టిన చేతికి ఎంత అన్నది అసలు ప్రశ్న. మన జిల్లాలో బుడితి ఇత్తడి పనికి జీఐ ఉంది. మన రాష్ట్రానికీ లిడ్‌క్యాప్ అనే తోలు కార్పొరేషన్ ఉంది. తోలుపని జ్ఞానాన్ని రికార్డు చేయమని, చేస్తే హక్కు పత్రంలో కుట్టేవాళ్ల సంఘాన్ని భాగస్వామిని చేయమని దాన్ని అడగాల్సింది మనమే.

కొందరు కుర్రాళ్లు ఉత్సాహంగా, మనమే టైరు చెప్పుకు పేటెంటు తీద్దాం మేస్టారూ అంటున్నారు. కుదరదు. తాతలనాటిది కొత్తది కాదు, మన విషయంలో కూడా చట్టం అదే చెబుతుంది. నాకు ఆ కోరికా లేదు. కూలీ కాలికింద ఉన్నదానికి కౌలు వసూలు చేసే పెత్తనం మనకొద్దు. కానీ దాని మీద కొత్తగా కట్టినదానికి తీసుకోవచ్చు. జీడి కాల్చేచోట, పగలగొట్టేచోట గింజ పెంకు నూనె కారి చర్మం బొబ్బలెక్కుతుంది. నూనెనూ తడినీ రెండింటినీ ఆపే లోపలి అట్ట ఒకటి, కడిగి ఆరబెట్టుకునేది, చౌకలో మన కుర్రాళ్లు చేస్తే అది కొత్తదే. వ్యక్తిగా ఆన్‌లైన్‌లో దరఖాస్తు ఫీజు 1600 రూపాయలు, పరీక్షకు 4000. అసలు ఖర్చు రాసిపెట్టే ఏజెంటుది, అక్కడ జాగ్రత్త. కాలేజీల్లో ఇప్పుడు పేటెంట్ల జాతర నడుస్తోంది. పద్దెనిమిది నెలలకు దరఖాస్తు దానంతటదే ప్రచురితమవుతుంది, దాన్నే పేటెంటు వచ్చిందని ఫ్లెక్సీ కట్టేస్తున్నారు. ప్రచురణ వేరు, మంజూరు వేరు. ఆ ఫ్లెక్సీల్లో మీ పేరు కలపనివ్వకండి.

మరి పాతదాన్ని కాపాడటం ఎలా? తేదీతో. తెలుగులో రాసినా చాలు. ఎవరైనా వెళ్లి చదవగలిగే గ్రంథాలయంలో, రిజిస్టరులో నంబరు పడి, తేదీ ముద్ర పడిన ప్రాజెక్టు రిపోర్టు కూడా ప్రచురణే. 1962లో వ్యవసాయంతో మొదలుపెట్టి, తర్వాత చేనేత, మరికొన్ని వృత్తులకు మాండలిక వృత్తిపదకోశాలు వేశారు మన పండితులు. ఆ పద్ధతే పట్టుకుని మా పిల్లలతో తోలు మాటలు సేకరిస్తున్నాను. అట్ట, వారు, బొటనవేలి ఉంగటం, ఆరె, రంపె, లంద. ఇచ్ఛాపురం వైపు వెళ్లేకొద్దీ ఒడియా మాటలు కలుస్తాయి. మాట పక్కన పని, పని పక్కన కొలత, కొలత పక్కన చెప్పినవాళ్ల ఊరు, తేదీ.

ఒక చిక్కుంది, దాచను. రాసి బయటపెడితే దొంగ పేటెంటు ఆగుతుంది, కానీ అదే కాగితం చదివి కంపెనీవాడు వాడుకోనూవచ్చు. టీకేడీఎల్‌ను మొదట పేటెంటు ఆఫీసులకే, అదీ రహస్య ఒప్పందాలతో చూపించారు, 2022లో మాత్రమే బయటివాళ్లకూ తెరవాలని కేంద్ర కేబినెట్ నిర్ణయించింది. ఆయుర్వేదానికి పాటించిన జాగ్రత్త లందకూ కావాలి. అందుకే ఒక నియమం పెట్టుకున్నాం. చెప్పిన పెద్దమనిషి దీన్ని రాయొద్దు అంటే రాయం. పేరు వేయమంటే వేస్తాం, వద్దంటే ఊరు మాత్రమే.

టెక్కలి, మెళియాపుట్టి, మందస, వజ్రపుకొత్తూరు, సోంపేట వైపు తోలు పని చేసినవాళ్లు, టైరు చెప్పులు కుట్టినవాళ్లు మీ ఇళ్లలో ఉంటే సంక్రాంతి సెలవుల్లో వాళ్ల పక్కన కూర్చోండి. ఫోను రికార్డరు ఆన్ చేసి, తేదీ చెప్పి మొదలుపెట్టండి. ఆడవాళ్లను విడిగా అడగండి, సున్నం నీళ్లలో చేతులు పెట్టింది వాళ్లూ. అటకల మీద ఆరెలు, రంపెలు ఉంటే పాత ఇనప సామాన్లవాడికి వేసేయకండి. ముందు స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయండి.